గడువు తీరిన కంప్యూటర్లు

సర్వీసు రిజిస్టరు ఎంత పాతదైనా తెరిచి చదువుకోవచ్చు. కంప్యూటరు సంగతి వేరని మన తరం ఆలస్యంగా తెలుసుకుంది.

2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మద్దతు ఆపివేసింది. మర్నాడు కూడా యంత్రం మామూలుగానే నడిచింది. అందుకే చాలాచోట్ల మార్పు వాయిదా పడింది.

2017 మే 12న వనాక్రై ప్రపంచమంతటా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. మద్దతు ఉన్న విండోస్‌లకు విరుగుడు మార్చిలోనే వచ్చింది. ఎక్స్‌పీకి దాడి జరిగాకే అందింది. ఏటీఎంలను ఎక్స్‌పీ నుండి 2019 జూన్‌లోగా దశలవారీగా మార్చాలని రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో బ్యాంకులను ఆదేశించింది.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విశాఖ నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. చెడిపోయాక మెకానిక్కు కోసం ఎదురుచూసేకంటే ముందే సిద్ధపడటం మేలు. కొండ మీద ఉంటున్న సభ్యులు పెన్షన్ కాగితాలు, ఫోటోలు వేరే డిస్కులోకి ఎక్కించుకోవాలి. యంత్రం విండోస్ 11కు పనికిరాకపోతే లినక్స్ వేయించుకోవచ్చు. అంతవరకు దానిపై బ్యాంకు లావాదేవీలు చేయకండి.

రిటైర్మెంటు తేదీ ముందే తెలిసినా కాగితాలు చివరి నెలలో వెతుక్కున్నవాళ్లం మనం. ఈసారి ఆ పొరపాటు వద్దు.