మూత్రాశయంలోకి దీపం: క్యాన్సర్ చికిత్సకు శస్త్రపరికరాలు రూపొందించిన డాక్టర్ నిట్సె

(ప్రత్యేక వ్యాసం – వైద్య, ఆరోగ్యం)

మూత్రాశయంలో ఏర్పడే క్యాన్సర్ కణితిని పొట్ట కోయకుండా, మూత్రమార్గం గుండా సన్నని పరికరాన్ని పంపి, కంటితో చూస్తూ తొలగించడం నేడు ప్రపంచమంతటా అనుసరిస్తున్న ప్రామాణిక విధానం. ఈ విధానానికి ఆధారమైన సిస్టోస్కోప్‌ను, దానితోనే కణితిని కాల్చి తీసివేయగల శస్త్రపరికరాన్ని రూపొందించిన ఘనత జర్మనీకి చెందిన మూత్రవ్యాధి నిపుణుడు డాక్టర్ మాక్సిమిలియన్ నిట్సెకు దక్కుతుంది. క్యాన్సర్ నివారణ, చికిత్సలకు సంబంధించిన వార్తలు రాసే పాత్రికేయుల ఉపయోగార్థం, ఆరోగ్యశాఖ సిబ్బంది సమాచారార్థం ఆయన కృషి వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ముందుగా పేరు విషయం. జర్మన్ ఉచ్చారణ ప్రకారం ఆయన ఇంటిపేరు 'నిట్సె'. ఆంగ్ల అక్షరక్రమాన్ని అనుసరించి 'నిట్జ్' అని రాయడం పత్రికలలో కనిపిస్తుంది. అదే కాలానికి చెందిన తత్త్వవేత్త నీచెతో ఈయనకు ఎటువంటి సంబంధమూ లేదు.

నిట్సెకు పూర్వం

మూత్రంలో రక్తం పడుతున్న రోగి వైద్యుని వద్దకు వస్తే, ఆ రక్తం ఎక్కడ నుండి వస్తున్నదో తెలుసుకునే మార్గం 19వ శతాబ్దం మధ్యకాలం వరకు దాదాపు లేదు. లోహపు కడ్డీని మూత్రమార్గంలోకి పంపి, రాయి తగిలిన శబ్దం వస్తుందేమో పరిశీలించేవారు. శబ్దం వస్తే రాయి, రాకపోతే ఊహ. లండన్‌లో ఆ రంగంలో అగ్రగణ్యుడైన సర్ హెన్రీ థాంప్సన్ 1880వ దశకంలో సైతం శరీరాన్ని కింది భాగంలో కోసి, వేలిని మూత్రాశయంలోకి పంపి తడిమి చూసే పద్ధతిని సిఫారసు చేశారంటే నాటి పరిస్థితి అర్థమవుతుంది. వ్యాధి ఉన్నదో లేదో తెలుసుకోవడానికే శస్త్రచికిత్స చేయవలసి వచ్చేది.

లోపలికి చూడాలన్న ప్రయత్నాలు మాత్రం అంతకు చాలా ముందే మొదలయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జినీ 1806 నాటికి కొవ్వొత్తి వెలుగును అద్దం ద్వారా శరీరంలోకి మళ్లించే పరికరాన్ని తయారుచేశారు. దానిని వియన్నాలో పరీక్షించారు గానీ వాడుకలోకి రాలేదు. 1853లో పారిస్‌లో డాక్టర్ దెసోర్మో మద్యసారం, టర్పెంటైన్ మిశ్రమంతో వెలిగే దీపాన్ని ఉపయోగించారు. 'ఎండోస్కోప్' అన్న పేరును వాడుకలోకి తెచ్చినది ఆయనే. ఈ పరికరాలన్నింటి లోపం ఒక్కటే. దీపం బయట ఉండేది, చూడవలసిన చోటు లోపల ఉండేది. పొడవైన సన్నని గొట్టంలో ప్రయాణించే సరికి వెలుగు క్షీణించి, ఆ కొసన చిన్న నాణెమంత మేర కూడా స్పష్టంగా కనిపించేది కాదు.

డ్రెస్డెన్‌లో తొలి పరికరం

మాక్సిమిలియన్ నిట్సె 1848 సెప్టెంబరు 18న బెర్లిన్‌లో జన్మించారు. హైడెల్‌బర్గ్, వుర్జ్‌బర్గ్, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య అభ్యసించి, 1874లో పట్టా పొంది, డ్రెస్డెన్ నగర ఆసుపత్రిలో సహాయ వైద్యునిగా చేరారు. ఆయన ఆలోచన సులువైనది. గదిలో ఏముందో చూడాలంటే కిటికీ బయట దీపం పట్టుకుని నిలబడితే చాలదు, దీపాన్ని గదిలోకే తీసుకుపోవాలి.

దీనికి రెండు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది దీపం. అప్పటికి ఎడిసన్ బల్బు రాలేదు. బ్రెస్లావ్ నగరానికి చెందిన యూలియుస్ బ్రుక్ అనే దంతవైద్యుడు 1867లో విద్యుత్తుతో తెల్లగా కాలే ప్లాటినం తీగను, దాని చుట్టూ చల్లని నీరు ప్రవహించే ఏర్పాటును వర్ణించారు. నోటిని వెలిగించేందుకు ఉద్దేశించిన ఈ ఏర్పాటునే నిట్సె సన్నని గొట్టపు కొసకు కుదించారు. రెండవది దృశ్యపరిధి. మైక్రోస్కోప్ కటకాన్ని శుభ్రపరుస్తూ దాని గుండా చూసినప్పుడు ఎదుటనున్న చర్చి మొత్తం అందులో చిన్నదిగా కనిపించగా, కటకాలను గొట్టంలో అమర్చితే ఇరుకు రంధ్రం గుండా విశాలమైన స్థలాన్ని చూడవచ్చునని ఆయనకు తట్టినట్లు వైద్య చరిత్రకారులు చెబుతారు. ఇటువంటి కథలకు కొంత అలంకారం తోడవుతుందనుకున్నా, ఫలితం మాత్రం నిజం. బెర్లిన్‌కు చెందిన కటకాల నిపుణుడు బెనెష్, డ్రెస్డెన్‌కు చెందిన పరికరాల తయారీదారు డైకె ఆయనకు సహకరించారు.

1877 అక్టోబరు 2న డ్రెస్డెన్‌లో సాక్సనీ రాజ్య వైద్య మండలి సభ్యుల ఎదుట నిట్సె తన పరికరాన్ని మృతదేహంపై ప్రదర్శించారు. ఆ తర్వాత వియన్నాకు వెళ్లి, అక్కడ ప్రఖ్యాతి గాంచిన శస్త్రపరికరాల తయారీదారు యోసెఫ్ లైటర్‌తో కలిసి పరికరాన్ని మెరుగుపరచి, 1879లో అక్కడి వైద్యుల సంఘం సమావేశంలో సమర్పించారు. సిస్టోస్కోప్ ఆవిష్కరణకు కొన్ని గ్రంథాలలో 1877 అని, మరికొన్నింటిలో 1879 అని కనిపించడానికి ఇదే కారణం. మొదటిది తొలి ప్రదర్శన జరిగిన సంవత్సరం, రెండవది ఉపయోగానికి తగిన పరికరం వైద్యలోకం ముందుకు వచ్చిన సంవత్సరం.

లైటర్‌తో వివాదం

ఈ భాగస్వామ్యం ఎక్కువ కాలం నిలవలేదు. పరికరం ఎవరిదన్న ప్రశ్నపై ఇరువురి మధ్య వివాదం తలెత్తింది. లైటర్ సొంతంగా గ్రంథాన్ని ప్రచురించి, పరికరాలను విక్రయించసాగారు. సూత్రం తనదని, లైటర్ పనితనానికి మాత్రమే బాధ్యుడని నిట్సె వాదించారు. ఆయన బెర్లిన్‌కు తిరిగివెళ్లి హార్ట్‌విగ్ అనే మరొక తయారీదారుతో పని కొనసాగించారు.

న్యాయంగా చూస్తే ఆలోచన నిట్సెదే అనడంలో సందేహం లేదు. అయితే కాలే తీగ, దాని పక్కనే పారే నీరు, కటకాలు, విద్యుత్ తీగలు ఇవన్నీ మనిషి మూత్రమార్గంలో పట్టేటంత గొట్టంలో ఇమడ్చడం సామాన్యమైన పని కాదు. వైద్యుని పేరు పాఠ్యపుస్తకాలలో నిలిచినంతగా పనివాని పేరు నిలవకపోవడం ఈ ఒక్క పరికరం విషయంలోనే జరిగినది కాదు. వియన్నాలో ఎండోస్కోపీ చరిత్ర పరిశోధనకు ఏర్పడిన అంతర్జాతీయ సంఘం తన పేరులో నిట్సె, లైటర్ ఇరువురినీ చేర్చుకోవడం గమనార్హం.

నీటితో చల్లబరిచే ప్లాటినం దీపం వైద్యులను చాలా ఇబ్బంది పెట్టేది. బరువైన బ్యాటరీ, నీటి సరఫరా వెంట ఉండాలి. తీగ తరచూ తెగిపోయేది. ఎడిసన్ 1879లో బల్బును విజయవంతం చేసిన తర్వాత ఈ సమస్యకు పరిష్కారం లభించింది. గ్లాస్గోలో డాక్టర్ న్యూమన్ 1883లో బల్బును మూత్రాశయ పరీక్షకు వాడగా, 1887 నాటికి బెర్లిన్‌లో నిట్సె, వియన్నాలో లైటర్ వేర్వేరుగా అతి చిన్న బల్బులను సిస్టోస్కోప్ కొసన అమర్చారు. నీటి గొట్టాల అవసరం తీరిపోయింది. 1884లో వియన్నాలోనే కార్ల్ కోలర్ కొకెయిన్‌తో స్థానికంగా మత్తు కలిగించవచ్చునని నిరూపించడంతో ఈ పరీక్ష రోగికి కూడా భరించదగినదయింది.

చూడటం నుండి చికిత్సకు

నిట్సె ఇక్కడితో ఆగి ఉంటే ఆయనను పరీక్షా పరికరం కనుగొన్న వ్యక్తిగా మాత్రమే చెప్పుకొనేవారు. 1889లో సిస్టోస్కోపీపై పాఠ్యగ్రంథాన్ని, 1894లో మూత్రాశయం లోపలి ఛాయాచిత్రాల సంపుటిని ఆయన ప్రచురించారు. అప్పటికే ఆయన ఆలోచన మరొక అడుగు ముందుకు వేసింది. కణితిని చూడగలిగినప్పుడు, ఆ చూపు కిందనే దానిని ఎందుకు తొలగించరాదు?

1890వ దశకంలో ఆయన రూపొందించిన శస్త్ర సిస్టోస్కోప్‌లో దృశ్యనాళికపై మరొక తొడుగు ఉండేది. ఆ తొడుగు కొస నుండి సన్నని తీగ ఉచ్చు బయటకు వచ్చేది. మూత్రాశయాన్ని స్వచ్ఛమైన ద్రవంతో నింపి, కణితి కాడకు ఉచ్చు తగిలించి బిగించేవారు. ఆ తర్వాత విద్యుత్తుతో ఎర్రగా కాలిన లోహంతో మొదలుకు వాత పెట్టి, రక్తస్రావాన్ని ఆపేవారు. చెప్పినంత తేలిక కాదు. చిత్రం యథాతథంగా కాక తిరగబడి కనిపించేది. రక్తం కొద్దిగా వచ్చినా ద్రవం మసకబారి ఏమీ కనిపించేది కాదు. పెద్ద కణితిని ఒకేసారి తీయలేక, విడతలు విడతలుగా రోగిని రప్పించవలసి వచ్చేది.

అయినప్పటికీ ఆయన నివేదించిన ఫలితాలు ఆ కాలానికి అసాధారణమైనవి. ఈ విధంగా చికిత్స పొందిన 150 మంది రోగులలో ఒక్కరు మాత్రమే మరణించారని, 20 మందికి కణితి తిరిగి వచ్చిందని వైద్య చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. పొట్ట కోసి చేసే శస్త్రచికిత్సలలో ప్రాణనష్టం అధికంగా ఉన్న రోజులవి. ఆయన ఎంచుకున్నవి ఎక్కువగా కాడ కలిగిన, లోతుకు పాకని కణితులన్న విషయాన్ని కూడా ఈ సంఖ్యలను ఉటంకించేవారు గుర్తుంచుకోవాలి.

అదే సమయంలో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లో మరొక ముఖ్యమైన విషయం వెల్లడించారు. కృత్రిమ రంగుల కర్మాగారంలో ఫుక్సిన్ తయారీలో పనిచేసే 45 మంది కార్మికులలో ముగ్గురికి మూత్రాశయ కణితులు ఉన్నట్లు ఆయన తెలిపారు. వృత్తి కారణంగా వచ్చే క్యాన్సర్లపై పరిశోధనకు ఇది మైలురాయి. రంగుల పరిశ్రమ విస్తరించిన దేశంలోనే మూత్రాశయాన్ని చూసే పరికరం కూడా పుట్టడంతో, అనుమానం ఉన్న కార్మికులను పరీక్షించే సాధనం వైద్యుల చేతికి వచ్చింది.

నిట్సె 1900లో బెర్లిన్‌లో ఆచార్య పదవి పొందారు. 1906 ఫిబ్రవరిలో 57వ ఏట మరణించారు. అదే సంవత్సరం స్టుట్‌గార్ట్‌లో జర్మన్ యూరాలజీ సంఘం ఏర్పాటయింది. ఆ సంఘం నేడు ఇచ్చే ప్రతిష్ఠాత్మక పరిశోధనా బహుమతి నిట్సె పేరిటనే ఉంది.

తరువాతి పరిణామాలు

క్యూబాలో జన్మించి పారిస్‌లో పనిచేసిన డాక్టర్ అల్బరాన్ 1897లో సిస్టోస్కోప్ కొసన చిన్న మీటను అమర్చి, లోపలికి పంపిన సన్నని గొట్టాన్ని కోరిన దిశకు వంచే వీలు కల్పించారు. 1910లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ బీర్ అధిక పౌనఃపున్య విద్యుత్తును నీటిలో సైతం కణితిపై ప్రయోగించవచ్చునని ఇద్దరు రోగుల చికిత్స ద్వారా నిరూపించారు. కాలిన తీగకు బదులు విద్యుత్తే పనిచేయడం ఇక్కడ మొదలయింది. 1926లో మాక్సిమిలియన్ స్టెర్న్ విద్యుత్ తీగతో కోసే రిసెక్టోస్కోప్‌ను తయారుచేయగా, 1931లో జోసెఫ్ మెకార్తీ దానిని ఇప్పటి రూపానికి దగ్గరగా తెచ్చారు. మొదట పెద్దవయసు పురుషుల ప్రోస్టేట్ గ్రంథి అడ్డును తొలగించేందుకు వాడిన ఈ పరికరమే మూత్రాశయ కణితులకు కూడా ప్రధాన శస్త్రమయింది. బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ 1959లో గాజు కడ్డీల కటక వ్యవస్థకు పేటెంటు పొందారు. జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ సంస్థ 1967లో దానిని మార్కెట్లోకి తెచ్చిన తర్వాత దృశ్యం అనేక రెట్లు ప్రకాశవంతమయింది.

ప్రస్తుత చికిత్స

ప్రపంచవ్యాప్తంగా 2022లో సుమారు 6 లక్షల 14 వేల మందికి కొత్తగా మూత్రాశయ క్యాన్సర్ సోకినట్లు, సుమారు 2 లక్షల 20 వేల మంది మరణించినట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా వేసింది. వ్యాధి స్త్రీలలో కంటే పురుషులలో అధికం. పొగాకు దీనికి అతి ముఖ్యమైన కారణం. పొగాకు పొగలోని విషపదార్థాలు రక్తంలో కలిసి, మూత్రపిండాలలో వడకట్టబడి, మూత్రంతో పాటు మూత్రాశయంలో గంటల తరబడి నిలువ ఉంటాయి. పొగాకు క్యాన్సర్ అనగానే నోరు, ఊపిరితిత్తులే స్ఫురిస్తాయి. ప్రచార సామగ్రిలోనూ వాటికే చోటు దక్కుతున్నది. బీడీ, చుట్ట తాగే అలవాటు ఉన్న తెలుగు ప్రాంతాలలో మూత్రాశయం విషయం కూడా ప్రజల దృష్టికి తేవలసి ఉన్నది.

వ్యాధి బయటపడినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి కణితి కండర పొరలోకి పాకని దశలోనే ఉంటుంది. వీరికి రిసెక్టోస్కోప్‌తో కణితిని పొరలుపొరలుగా కోసి తీసి, కండరం ముక్కను కూడా పరీక్షకు పంపుతారు. కండరం ముక్క లేకుండా వచ్చిన నివేదిక ఆధారంగా దశను నిర్ణయించడం కష్టం. తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి క్షయ నిరోధానికి వాడే బి.సి.జి.ని మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కెనడాకు చెందిన డాక్టర్ మొరాలెస్, ఆయన సహచరులు 1976లో ఈ చికిత్స ఫలితాలను ప్రచురించారు. కండరంలోకి పాకిన క్యాన్సర్‌కు మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించడం, లేదా ఔషధ చికిత్స, రేడియేషన్ అవసరమవుతాయి.

మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడటం ఈ వ్యాధి ప్రధాన లక్షణం. ఒకటి రెండు రోజులు కనిపించి ఆగిపోవడం వల్ల చాలామంది వేడి చేసిందని భావించి నిర్లక్ష్యం చేస్తారు. రక్తం ఆగిపోయినా వైద్యపరీక్ష చేయించుకోవలసి ఉంటుంది. కణితి తొలగించిన తర్వాత మొదటి సిస్టోస్కోపీ పరీక్షను మూడు నెలలకు చేస్తారు. కణితి తిరిగి వచ్చే స్వభావం కలది కనుక ఆ తర్వాత కూడా వైద్యులు సూచించిన వ్యవధులలో ఈ పరీక్ష సంవత్సరాల తరబడి కొనసాగుతుంది.