ఇంటి కార్ఖానాలో వేగసాధన

'ఇండియన్' అను పేరు చెవిని పడగానే అది మన దేశపు సరకేమో యనిపించుట సహజము. ఈ ప్రసంగమునకు విషయమైన 'ఇండియన్' మాత్రము మనది కాదు. అమెరికా దేశమున, మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, 1901లో జార్జి హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అను నిద్దరు ప్రారంభించిన మోటారు సైకిళ్ళకు ఆ పేరు. అది అమెరికా ఆదివాసులను ఉద్దేశించి పెట్టినది. 1911లో మాన్ ద్వీపమున జరిగిన సీనియర్ టి.టి. పందెములో మొదటి మూడు స్థానములును ఇండియన్ బండ్లకే దక్కెను. నాడు రెండవవాడుగా వచ్చిన చార్లెస్ ఫ్రాంక్లిన్ అను ఐర్లండు దేశపు ఇంజనీరు తరువాత స్ప్రింగ్‌ఫీల్డు చేరి, 1920 నాటి 'స్కౌటు' అను బండికి రూపకల్పన చేసెను.

స్కౌటు పందెపు గుఱ్ఱము కాదు. నమ్మకముగా నడచు సవారీ బండి. 'వి' అక్షరము వలె రెండు సిలిండర్లు, సుమారు 600 సి.సి. ఇంజను, మూడు గేర్లు. మిక్కిలి తొందరపెట్టినచో గంటకు 55 మైళ్ళు పోవును. అనగా 88 కిలోమీటర్ల పైచిలుకు. అట్టి బండి నొకదానిని 1920లో న్యూజీలాండు దేశపు దక్షిణాంచలమున ఉన్న ఇన్వర్‌కార్గిల్ ప్రాంతమున ఇరువది యొక్క యేండ్ల యువకుడు కొనెను. ఆయన పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. లోకమునకు బర్ట్ మన్రో. 1899 మార్చి 25న పుట్టినవాడు, సేద్యగాని కుమారుడు. ఇంజనీరింగు కళాశాల గడప త్రొక్కినవాడు కాడు. ఆ బండిని విడువక, మార్చక, కాదు, ప్రతి భాగమును మార్చుచు, తన కడపటి దినముల వరకు దానితోనే కాలము గడపెను.

ఆంగ్లమున 'ట్యూనింగ్' అను మాట నిచట వాడుదురు. మన శ్రోతల కామాట క్రొత్తది కాదు. రేడియో మీటను త్రిప్పి కేంద్రమును పట్టుకొనుటయు, వీణె బిరడలను బిగించి శ్రుతి చేయుటయు ట్యూనింగే. ఇంజనును శ్రుతి చేయుట యనగా నేమి? లోనికి పోవు గాలి, పెట్రోలు పాళ్ళు సరిగా కుదురుట, నిప్పురవ్వ సరియైన క్షణమున రాలుట, కాలిన పొగ అడ్డులేక వెలికి పోవుట. ఈ మూటిలో నేది తప్పినను అపశ్రుతియే. అయితే వీణె శ్రుతి తప్పినచో వినువారికి తలనొప్పి వచ్చును. గంటకు నూటయేబది మైళ్ళ వేగమున ఇంజను శ్రుతి తప్పినచో నడపువాని ప్రాణమునకే ముప్పు వచ్చును.

మన్రో 1926లో బండిపై చేయి పెట్టెను. స్కౌటు ఇంజనులో వాల్వులు సిలిండరు ప్రక్కన ఉండెడివి. చవుకగా చేయుటకు, సులభముగా బాగుచేయుటకు ఆ పద్ధతి మేలైనదే. కాని వాయుమిశ్రమము మండు చోటు ప్రక్కకు సాగి వెడల్పగుట వలన దానిని గట్టిగా నొత్తుటకు వీలుండదు. గాలి వంకర త్రోవను లోనికి పోవలెను. అందుచేత మన్రో వాల్వులను సిలిండరు నెత్తిమీదికి మార్చెను. అదియు బజారున కొన్న తలకాయను బిగించుట కాదు, తానే తయారుచేసెను. ఇంజను నొకచోట బలపరచినచో ఆ బలమును మోయలేని భాగము మరియొకచోట విరుగును. ఒత్తిడి పెరిగినప్పుడు పిస్టన్లు కరగెను. పిస్టన్లు నిలిచినప్పుడు కనెక్టింగు రాడ్లు విరిగెను. రాడ్లు నిలిచినప్పుడు క్లచ్చి జారెను. మూల యంత్రమున ఇంజను శక్తిని గేరుపెట్టెకు అందించు పండ్లచక్రముల స్థానమున చైనులు వచ్చెను. ఇట్లు ఏండ్లకేండ్లు, బలహీనమైన భాగము ఒకచోటినుండి మరియొకచోటికి తప్పించుకొని పోవుచుండగా, ఆయన దాని వెంట పడుచుండెను.

ఆయన పనిముట్ల సంగతి వినదగినది. పాత డబ్బాలను అచ్చులుగా చేసికొని పిస్టన్లను తానే పోతపోసెను. ట్రాక్టరు ఇరుసునుండి ఉక్కును కోసి, ఆకురాయితో అరగదీసి కనెక్టింగు రాడ్లను దిద్దెను. సిలిండర్లను పోతయినుప గొట్టములనుండి తీర్చెను. చక్రపు ఊచ నొకదానిని వంచి సూక్ష్మమైన కొలతలు కొలుచు సాధనముగా వాడెను. మన గ్రామములలో కమ్మరి, పాత బండి పట్టాను కొలిమిలో కాచి, దాగలిపై పెట్టి సాగగొట్టి, నీరు పట్టి నాగటి కఱ్ఱుగా మార్చుట చూచినవారికి ఇందు ఆశ్చర్యము తోపకపోవచ్చును. ఆశ్చర్యము మరియొకచోట నున్నది. నాగటి కఱ్ఱు వెండ్రుకవాసి తేడా నోర్చుకొనును. నిమిషమునకు వేల పర్యాయములు పైకి క్రిందికి నాడు పిస్టను ఓర్చుకొనదు.

ఇంత శ్రమ యేల, క్రొత్త భాగములు తెప్పించుకొనరాదా యని అడుగవచ్చును. ఇన్వర్‌కార్గిల్ అమెరికాకు సముద్రముల కావల నున్నది. 1938లో న్యూజీలాండు ప్రభుత్వము దిగుమతులకు లైసెన్సులు విధించెను. విదేశపు సరకు ఎంత దుర్లభమగునో లైసెన్సుల కాలమును చూచిన మన కుటుంబములకు వేఱుగా చెప్పనక్కరలేదు. స్ప్రింగ్‌ఫీల్డు కార్ఖానాయే 1953లో మూతపడెను. అయినను పేదరికము, దూరము మాత్రమే కారణములని మేము తలంపము. మన్రో కోరిన పిస్టను ఏ కార్ఖానాలోను లేదు. 1920 నాటి బండికి 1950 నాటి వేగమునకు తగిన భాగముల నెవరు చేసియుందురు?

ఆయన కొన్నియేండ్లు మోటారు సైకిళ్ళను అమ్ముచు, మరమ్మతు చేయుచు జీవించెను. రాత్రులు తన బండికి. ఓరెటి అను సముద్రతీరమున గట్టిపడిన యిసుకపై దానిని పరీక్షించెడివాడు. 1938లో న్యూజీలాండు దేశపు వేగపు రికార్డును మొదటిసారి సాధించెను, తరువాత మరికొన్ని. 1940వ దశకపు చివర ఉద్యోగమును మానుకొని, సంసారము నుండి విడివడి, బండితో కూడ ఒక షెడ్డులో కాపురము పెట్టెను. ఈ ఘట్టమును కొందరు తపస్సుగా వర్ణింతురు. నలుగురు బిడ్డల తండ్రి గనుక ఆ తపస్సునకు మూల్యము ఇంటిలోని వారును చెల్లించిరనుట మరువరాదు. వీరగాథలు వ్రాయువారు సాధారణముగా ఈ పద్దును లెక్కలో చూపరు. విరిగిన భాగములను ఆయన పారవేయలేదు. గోడ కొక అర కొట్టి వరుసగా పేర్చి, వేగదేవతకు నైవేద్యములని దానిపై వ్రాసి పెట్టుకొనెను. ఇంజనీరునకు ఓటమి చిట్టా కంటె విలువైన గ్రంథము లేదు.

ఇంట బండిని మార్చుకొనుట మన్రో ఒక్కని పిచ్చి కాదు. విన్సెంటు బండ్ల ఇంజనీరుగా పేరొందిన ఆస్ట్రేలియా వాసి ఫిలిప్ ఇర్వింగ్, 1948లో 'ట్యూనింగ్ ఫర్ స్పీడ్' అను గ్రంథమును వెలువరించెను. కార్ఖానాల రహస్యములు దానితో ఇంటింటి బల్లమీదికి వచ్చెను. ఇంగ్లండులో నార్టన్ చట్రమున ట్రయంఫ్ ఇంజనును బిగించి 'ట్రైటన్' అను సంకరజాతి బండిని చేసికొనుట యువకులలో ఆచారమయ్యెను. దీని వెనుక నొక చిత్రమైన వర్తక కారణము కలదు. 500 సి.సి. చిన్న పందెపు కార్లవారికి నార్టన్ మాంక్స్ ఇంజను కావలెను. కంపెనీ ఇంజనును విడిగా అమ్మదు. అందుచేత వారు బండిని మొత్తముగా కొని, ఇంజనును ఊడదీసికొని, చట్రమును వదలివేసెడివారు. ఆ చట్రములే ట్రైటన్లకు ఆధారమయ్యెను. మన వైపున 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపితమైన పిదప బుల్లెట్టు బండ్లు పెరిగెను. సిలిండరు అరిగినచో లేతుపై బోరు చేయించి పెద్ద పిస్టను వేయుట మన పట్టణముల మెకానిక్కులకు నిత్యకృత్యమయ్యెను. మన్రో తన ఇంజను ప్రమాణమును పెంచినదియు మూలమున ఈ ఉపాయముతోనే. 600 సి.సి. క్రమముగా 850 అయ్యెను. చివరకు 950 అయ్యెను.

ఇక బానవిల్ సంగతి. అమెరికాలోని యూటా రాష్ట్రమున ప్రాచీన కాలపు సరస్సొకటి యింకిపోగా మిగిలిన ఉప్పు మైదానమది. తెల్లని బల్లపరుపు నేల మైళ్ళకొలది కనుచూపు మేర సాగియుండును. వేగపు రికార్డులను కోరువారికి అంతకంటె పుణ్యక్షేత్రము లేదు. కాని అది సముద్రమట్టమునకు సుమారు 4,200 అడుగుల ఎత్తున నున్నది. అచట గాలి, సముద్రతీరపు గాలి కంటె సుమారు ఎనిమిదింట ఒక వంతు పలుచన. ఓరెటి తీరమున శ్రుతి కలిపిన కార్బురేటరు బానవిల్ చేరగానే గాలికి మించిన పెట్రోలు నందించును. ఇంజను ఉక్కిరిబిక్కిరి యగును. జెట్ల రంధ్రములను చిన్నవి చేసి మరల కుదుర్చుకొనవలెను. అటులని మరీ పలుచన చేసినచో వేడి మితిమీరి పిస్టను కరగును. పలుచని గాలి వలన మేలును కలదు; అది బండి నంతగా అడ్డగింపదు. వేగము రెట్టింపైనచో గాలి నెదుర్కొనుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును గనుక, ఇంజను నెంత బలపరచినను చాలదు. బండికి గాలిని చీల్చు ఆకారము కావలెను. మన్రో బండికి చేప వంటి తొడుగును చేసి, తానందు బోర్లగిలి పండుకొని నడపెను.

1957లో ఆయన బానవిల్లును చూచి వచ్చెను. 1962లో, అరువది మూడవ యేట, బండితో కూడ ఓడలో వచ్చి, 850 సి.సి. ఇంజనుతో గంటకు 178.95 మైళ్ళు, అనగా 288 కిలోమీటర్ల రికార్డును సాధించెను. ఆ ప్రయాణముతో తృప్తిపడినవాడు కాడు. మరల మరల వచ్చెను. 1967లో వయస్సు అరువది యెనిమిది, బండి వయస్సు నలువది యేడు. అర్హత కొరకు ఒక దిక్కున నడపినప్పుడు గంటకు 190.07 మైళ్ళు నమోదయ్యెను. రికార్డునకు మాత్రము ఒక దిక్కు చాలదు. గాలి వెనుకనుండి త్రోసిన లాభమును తొలగించుటకై రెండు దిక్కులను నడపి సరాసరి తీయుదురు. అట్లు తేలినది 183.586 మైళ్ళు. 1,000 సి.సి. లోపు బండ్ల తరగతిలో అది రికార్డుగా ప్రకటింపబడెను.

ఈ అంకె నలువదియేడేండ్లు గ్రంథములలో నట్లే నిలిచెను. 2014లో మన్రో కుమారుడు పాత కాగితములను తిరుగవేయుచు, రెండు పరుగుల వేగములను కూడి సగము చేసి చూచెను. లెక్క కుదరలేదు! అమెరికన్ మోటారు సైకిలిస్టుల సంఘము తన చిట్టాను పరిశీలించి, తప్పును ఒప్పుకొని, రికార్డును 184.087 మైళ్ళుగా సవరించెను. తేడా అర మైలు మాత్రమే. కాని వెండ్రుకవాసి తేడాకై జీవితమును ధారవోసిన మనిషి విషయమున, చిట్టాలోని ఆ అర మైలు ఇన్నాళ్ళు ఎవరి కంటను పడకపోవుట మాకు చోద్యముగా తోచును.

లోకమునకు మన్రో పేరు విస్తారముగా తెలిసినది 2005 నాటి చలనచిత్రము వలన. రోజర్ డొనాల్డ్‌సన్ దర్శకుడు. ఆంథొనీ హాప్కిన్స్ మన్రోగా నటించెను. అదే దర్శకుడు 1971లో, మన్రో బ్రతికియుండగనే, ఆయనపై ఒక వాస్తవ చిత్రమును తీసియుండెను. కథాచిత్రము మనోహరమైనదే. అయితే అది పలు ప్రయాణములను ఒకే ప్రయాణముగా కుదించి, ముసలివాడు మొదటి రాకలోనే సర్వమును జయించినట్లు చూపెను. చరిత్రలో నున్నది వేఱు. నలువదేండ్ల ఆకురాయి రాపిడి, ఏటేట విరిగిన రాడ్లు, ఓడ కేవుల కొరకు కూడబెట్టిన డబ్బు, మరల యింటికి వచ్చి మరల పోత. ఈ నెమ్మదితనము వెండితెరపై పట్టదు. మాకు మాత్రము విజయము కంటె ఈ నెమ్మదితనమే మన్రో కథలోని అసలు విశేషముగా తోచును.

మన్రో 1978 జనవరి 6న మరణించెను. ఆ బండి ఇన్వర్‌కార్గిల్ పట్టణమున హేయిస్ వారి ఇనుప సామానుల దుకాణములో ప్రదర్శనకు ఉంచబడినది. మేకులు, రంపములు, ఆకురాళ్ళు కొనుటకు వచ్చిన వారు దానిని చూచి పోవుదురు.