అంటు

అంతరిక్ష నవలల్లో ఒకే ముఖంతో ఇద్దరు ఎదురుపడగానే వినిపించే మాట క్లోన్. అది పుట్టింది మాత్రం తోటల్లో. గ్రీకులో ఆ మాటకు అర్థం రెమ్మ. 1903లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ వెబ్బర్, గింజతో కాక కొమ్మతోనో దుంపతోనో పెంచే మొక్కలకు ఆ పేరు పెట్టాడు.

మనకు ఆ పనికి అంటు అనే మాట ఉండనే ఉంది. అంటుకోవడం నుంచి వచ్చింది, అంటురోగంలోనూ అదే. వికారాబాద్ వైపు మామిడి తోటకెళితే అంటుమొక్క మొదలు దగ్గర వంగి చూడండి. కాండం మీద అతుకు మచ్చ కనిపిస్తుంది. దాని కింద నాటు మామిడి, పైన బంగినపల్లి. ఒకే ఒంట్లో ఇద్దరు! ఏ నవలకైనా ఇంతకంటే మంచి పాత్ర దొరకదని నా నమ్మకం.

అదే వికారాబాద్ వైపు పండే, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి మాత్రం ఈ అంటు లేదు. ఏటా గింజ వేయాల్సిందే.