ఫెంగ్‌చి పుట్టుపూర్వోత్తరాలు

ఫెంగ్‌చి చైనా సూది వైద్యంలో తల వెనుక ఉండే జంట బిందువు. పుర్రె అడుగు ఎముక కింద, చెవి వెనుక నుంచి దిగే కండరానికీ మెడ వెనుక పెద్ద కండరానికీ నడుమ, రెండు పక్కలా వేలికి తగిలే గుంటలే దీని చోటు. సూది వైద్యం చెప్పే శక్తి దారుల్లో ఒకటైన పిత్తాశయ నాళం మీది 44 బిందువుల్లో ఇది 20వది.

జ్వరం, జలుబు, తలనొప్పి తెచ్చే గాలి ఈ బిందువున్న మెడ వెనుక నుంచే ఒంట్లోకి చొరబడుతుందని చైనా ప్రాచీన వైద్యులు నమ్మారు. ధనుర్మాసపు మంచులో దివిసీమ రైతు తలకూ చెవులకూ తువ్వాలు చుట్టుకోవడంలోనూ ఇలాంటి జాగ్రత్తే ఉంది.

క్రీ.పూ. 168 నాటి మవాంగ్‌దుయి సమాధిలో దొరికిన పట్టు రాతల్లో నాళాల దారులున్నాయి గానీ బిందువుల పేర్లు లేవు. చైనా ప్రాచీన వైద్య గ్రంథం ‘హువాంగ్‌ది నెయ్‌జింగ్’ జ్వరాలకు చెప్పిన 59 చోట్లలో ఫెంగ్‌చి జంట చేరింది. క్రీ.శ. 200 ప్రాంతంలో వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ దాన్ని మందుతో ముడిపెట్టాడు: దాల్చిన రెమ్మల కషాయం తాగినా రోగి నెమ్మదించకపోతే ముందు ఫెంగ్‌చికీ, ఫెంగ్‌ఫు అనే మరో బిందువుకూ సూది వేసి, మళ్లీ అదే కషాయం ఇవ్వమన్నాడు. మూడో శతాబ్దంలో పండితుడు హువాంగ్‌ఫు మి 349 బిందువులను ఒకే గ్రంథంలోకి చేర్చాడు.

1027లో వైద్యుడు వాంగ్ వెయ్‌యి చేయించిన రెండు నిలువెత్తు కంచు బొమ్మలు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం. బొమ్మ ఒంటి మీద బిందువు బిందువుకూ ఒక రంధ్రం. పరీక్షనాడు పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారట. విద్యార్థి సూది సరైన చోట దిగితే నీరు బయటికొచ్చేది, తప్పితే సూది దిగేదే కాదు.

తల వెనుక అంత కచ్చితత్వం తప్పదు. లోతున మెదడు కాండం, మెదడుకు రక్తం మోసే ధమని ఉన్నాయి. కాస్త పైన, నడిమధ్యన ఉన్న నావోహు అనే బిందువు దగ్గర సూది మెదడును తాకితే వెంటనే మరణమని నెయ్‌జింగే హెచ్చరించింది. మన సుశ్రుతుడూ 107 మర్మాల్లో తల, మెడ కలిసే చోట రెండు కృకాటికలను, చెవుల వెనుక దిగువన రెండు విధురాలను చెప్పాడు. మొదటివి దెబ్బతింటే తల వణుకుతుందనీ, రెండోవి దెబ్బతింటే చెవుడు వస్తుందనీ అన్నాడు. లోతున ఉన్న ఈ ప్రమాదం వల్లే నేటి వైద్యులు ఫెంగ్‌చి సూదిని ముక్కు కొస వైపు తిప్పి, దాదాపు బొటనవేలి వెడల్పంత లోతుకే దించుతారు.

ఈ వైద్యం మన దేశానికీ చేరింది. 1938లో చైనా వెళ్లిన భారత వైద్య బృంద సభ్యుడు డాక్టర్ బి.కె.బసు తరవాత అక్కడ సూది వైద్యం నేర్చుకుని, 1959లో కోల్‌కతాలో మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఫెంగ్‌చిని ఎక్కువగా పార్శ్వపు నొప్పికి, మెడ పట్టుకు వాడతారు. సూది వైద్యం పార్శ్వపు నొప్పిని కొంత తగ్గిస్తుందనీ, ఉత్తుత్తి సూదులతో పోలిస్తే ఆ తేడా చిన్నదేననీ 22 ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. మెడ పైభాగపు నరాలు, ముఖపు స్పర్శ నరం వెన్నుపాము మొదట్లో ఒకే చోట కలుస్తాయి. మెడ వెనుక సూది ప్రభావం నుదుటి నొప్పి దాకా చేరడానికి ఆధునిక వైద్యం చూపే దారి అదే.