జైగఢ్ కోటలోని జైబాణ్

రాజస్థాన్‌లో జయపూరు సమీపాన, అంబర్ కోటకు పైన, ‘చీల్ కా టీలా’ అనే కొండమీద జైగఢ్ కోట ఉన్నది. ఆ పేరుకు గద్దల గుట్ట అని అర్థం. కోటకు 1726లో నేటి రూపమిచ్చినవాడు సవాయి జయసింహ మహారాజు. లోపలి ఆయుధశాలలో కత్తులు, డాళ్ళు, తుపాకులు, 50 కిలోల ఫిరంగి గుండు ఒకటి ఉన్నాయి. చూడవచ్చినవారు సాధారణంగా వీటిని త్వరగా దాటి, ఆరుబయట ఉన్న పెద్ద ఫిరంగి వద్దకు పోతారు.

దాని పేరు ‘జైబాణ్’, అంటే జయబాణం. 1720లో ఈ కొండమీదనే పోతపోశారు. గొట్టం పొడవు 6.15 మీటర్లు. లోపలి రంధ్రం వ్యాసం 28 సెంటీమీటర్లు. గొట్టం చుట్టుకొలత మూతివద్ద 2.2 మీటర్లు, వెనుక 2.8 మీటర్లు. గోల్కొండలో పెట్ల బురుజుమీది ఫతే రహబర్ ఫిరంగిని చూసినవారికి కూడా దీని పరిమాణం ఆశ్చర్యం కలిగించక మానదు. యుద్ధంలో మాత్రం ఇది ఒక్కసారైనా పేలలేదు. పరీక్షార్థం ఒకేసారి 100 కిలోల మందు దట్టించి పేల్చారనీ, గుండు 35 కిలోమీటర్లు పోయి చాక్సు వద్ద పడిందనీ, పడినచోట చెరువు ఏర్పడిందనీ చెబుతారు. బరువు 50 టన్నులంటారు. విద్యార్థులు ఈ అంకెలను నోటుపుస్తకాలలో రాసుకొని వస్తారు. వాటితో లెక్క వేసి చూసేవారు అరుదు.

మొదట బరువు సంగతి. పై కొలతలనుబట్టి లోహపు ఘనపరిమాణం, రంధ్రం తీసివేయగా, సుమారు 2.7 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగుతుంది. ఇనుము గాని కంచు గాని దానికి ఏడెనిమిది రెట్లు, మహా అయితే తొమ్మిది రెట్లకు లోపు. అంటే గొట్టం 20 టన్నులు, కొంచెం పైన. బండిని, చక్రాలను కలిపినా 50 టన్నులు కావటం కష్టం.

ఇక దూరం. గాలి లేదనుకుంటే, 45 డిగ్రీల కోణంలో పేల్చిన గుండు పోయే దూరం దాని వేగపు వర్గాన్ని 9.8తో భాగిస్తే వస్తుంది. 35 కిలోమీటర్లకు కావలసిన వేగం సెకనుకు 586 మీటర్లు. ఇది మరీ అసాధ్యమైన వేగం కాదు. కథను నమ్మేవారు ఇక్కడే ఆగిపోతారు. కాని గాలి ఉన్నది. 50 కిలోల గుండ్రని ఇనుప గుండు ఆ వేగంతో పోతుంటే, దాన్ని వెనుకకు నెట్టే గాలి నిరోధం దాని బరువుకు 15 రెట్లకు పైగా ఉంటుంది. మొదటి సెకనులోనే వేగం 100 మీటర్లకు పైగా పడిపోతుంది. అటువంటి గుండు నాలుగైదు కిలోమీటర్లు పోతే చాలా గొప్ప. 1918లో జర్మన్లు పారిస్ నగరంమీద 120 కిలోమీటర్ల దూరంనుంచి గుళ్ళు కురిపించిన మాట నిజమే. ఆ ఫిరంగి గొట్టం 30 మీటర్లకు మించినది. మొనదేలిన గుండు సెకనుకు 1,600 మీటర్ల వేగంతో బయలుదేరి, గాలి బహు పలుచగా ఉండే ఎత్తులకు పోయి దిగేది.

గాలి నిరోధం ఇంత బలమైనదని జైబాణ్ పోసిననాటి ఫిరంగి పనివారికి తెలియదు. యూరపులోని పండితులూ దాన్ని స్వల్పంగానే లెక్కించేవారు. ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ వ్రేలాడదీసిన బరువైన దిమ్మలోకి తుపాకి గుళ్ళు పేల్చి, దిమ్మ ఎంత ఊగిందో కొలిచి, గుండు వేగం కనిపెట్టాడు. దూరం పెంచుతూ కొలిస్తే వేగం ఎంత తగ్గుతున్నదో తేలిపోయింది. ఆయన గ్రంథం 1742లో వెలువడినది. మరుసటి ఏడే జయసింహుడు మరణించాడు.

విచిత్రమేమంటే, అంకెలను సరిచూడనిదే నమ్మని స్వభావం ఆ జయసింహుడిదే. ఇత్తడి యంత్రాలు చిన్నవి కావటంవల్ల, ఇరుసులు అరగటంవల్ల ఖగోళపు కొలతలు తప్పుతున్నాయని గ్రహించి, రాతితోను సున్నంతోను మహాయంత్రాలు కట్టించాడు. జయపూరులోని సామ్రాట్ యంత్రం ఎత్తు 27 మీటర్లు. దాని నీడతో రెండు సెకన్లవరకు కాలం చెప్పవచ్చు. అటువంటివాని ఫిరంగికి చెరువు కథ అంటగట్టటం ఆయనకు గౌరవం కాదు.

కోటలో చూడదగిన ఘనత జైబాణ్ మూతివద్దకంటె పోతశాలలో ఎక్కువ. కొండగాలిని సొరంగంద్వారా కొలిమిలోకి పట్టి లోహం కరిగించేవారు. కరిగిన లోహం గోతిలోని అచ్చులోకి దిగేది. తరువాత నాలుగు జతల ఎద్దులు తిప్పే పండ్లచక్రాల యంత్రంతో గొట్టానికి రంధ్రం తొలిచేవారు. ఆ యంత్రం నేటికీ అక్కడ ఉన్నది.