నరాల రహస్యం చెప్పిన జీవికి నొప్పి లేదా?

పన్ను తీసే ముందు వైద్యుడు మీ చిగుళ్ళలో లిడోకైన్ సూది వేస్తాడు. ఆ మందు నరాల్లోని సోడియం ద్వారాలను మూసివేసి, నొప్పి సంకేతం మెదడుకు చేరకుండా ఆపుతుంది. నరంలో సంకేతం ఎలా పుడుతుందో మనకు తెలియజేసినది స్క్విడ్ అనే వెన్నెముక లేని సముద్రజీవి.

దాని దేహంలోని ఒక నరతంతువు దాదాపు ఒక మిల్లీమీటరు లావు ఉంటుంది. 1936లో జె.జెడ్. యంగ్ దానిని వర్ణించాడు. 1939లో ఇంగ్లాండులోని ప్లిమత్‌లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఆ తంతువులోనికి ఎలక్ట్రోడు దూర్చి విద్యుత్ సంకేతాన్ని కొలిచారు. సోడియం, పొటాషియం అయాన్ల రాకపోకలే దానికి మూలమని 1952లో వివరించారు. 1963లో నోబెల్ బహుమతి పొందారు.

మరి ఆ జీవి నొప్పి మాటేమిటి? ప్రయోగశాల జంతువుల రక్షణకు బ్రిటన్ 1876లో చేసిన చట్టం వెన్నెముక ఉన్న ప్రాణులకే వర్తించింది. 1993లో సాధారణ ఆక్టోపస్‌ను మాత్రం రక్షిత జాబితాలో చేర్చారు. స్క్విడ్‌తో సహా ఈ వర్గమంతటికీ రక్షణ కల్పిస్తూ యూరోపియన్ యూనియన్ 2010లో ఇచ్చిన ఆదేశం 2013 నుంచి అమలైంది.

సూది గుచ్చితే ముడుచుకోవడం అసంకల్పిత ప్రతిచర్య మాత్రమే కావచ్చు. బాధను అనుభవించడం వేరు. ఈ తేడాను పరీక్షించిన శాస్త్రవేత్త రాబిన్ క్రుక్. 2021లో ప్రచురితమైన ఆమె ప్రయోగంలో, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన ఆక్టోపస్‌లు అంతకుముందు తమకు ఇష్టమైన గదిని సైతం ఆ తరువాత వదిలి తప్పుకున్నాయి. గాయమైన చోట చర్మాన్ని ముక్కుతో కొరికి తీసేశాయి. లిడోకైన్ ఇచ్చాక ఆ కొరకడం ఆగింది. ఉపశమనం దొరికిన గదినే అవి కోరుకున్నాయి.

మత్తు విషయంలో మరో చిక్కు ఉంది. మెగ్నీషియం క్లోరైడు కలిపిన నీటిలో ఈ జీవులు కదలిక మానేస్తాయి. అది నిజమైన మత్తా, కండరాల పట్టు సడలడమేనా? నరసంకేతాలు కూడా ఆగుతున్నాయని 2018లో క్రుక్ బృందం చూపింది. కదలని దేహం నొప్పి లేని దేహమని అనుకోరాదు.

ఈ పాఠం వైద్యులకు కొత్తది కాదు. 1980ల దాకా పసికందులకు సైతం చాలాచోట్ల తగినంత మత్తు లేకుండానే శస్త్రచికిత్సలు చేశారు. వారు నొప్పిని చెప్పలేకపోయారు, మనం లేదనుకున్నాము. పాఠకులారా, చెప్పలేని ప్రాణి విషయంలో సందేహం కలిగినప్పుడు ఉపశమనం వైపే మొగ్గడం మంచిది. మన నొప్పి ఆగే తీరును తెలిపిన జీవికి ఆ మాత్రం ఋణపడి ఉన్నాము.