తొలి మంచు – తొలకరి

మన భాషలో మంచు అనే మాట ఒక్కటే. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద తెరవలె దిగేదీ మంచే. గడ్డిపరక కొసను బొట్టుగా నిలిచేదీ మంచే. హిమాలయం మీద నిలువెత్తున పేరుకొనేదీ మంచే. ఈ మూడవదానిని ఇంటి ముంగిట చూచే అవసరం తెలుగువారికి కలుగలేదు గనుక దానికి వేరొక పేరు పెట్టుకొనలేదు. కావ్యాలలో కావలసివచ్చినప్పుడు హిమమనీ, తుషారమనీ సంస్కృతం నుంచి తెచ్చుకొన్నాము. కాశ్మీరదేశస్థులకు అట్లా సరిపోదు. వారికి ఆకాశం నుంచి రాలే మంచు 'షీన్'. అది ఎప్పుడు పడినది, ఎంత పడినది, ఎన్నాళ్లు నిలిచినది అన్న ప్రశ్నలతోనే వారి మరుసటి యేటి అన్నం ముడిపడి ఉన్నది. దక్షిణాదిన మన రైతుకు పడే వాన కూడా కొంతవరకు ఆ మంచు మీదనే ఆధారపడి ఉన్నదని పందొమ్మిదవ శతాబ్దంలో ఒక శాస్త్రజ్ఞుడు నమ్మినాడు. ఈ రెండు కథలనూ కలిపి నేడు శ్రోతల ముందు ఉంచుతున్నాము.

మన రైతు వానలను కార్తెలతో లెక్కించినట్లే కాశ్మీర రైతు శీతకాలాన్ని 'చిల్లై'లతో లెక్కిస్తాడు. పారశీకంలో నలుబదిని చెప్పే మాట నుంచి వచ్చినది ఈ పేరు. డిసెంబరు 21న మొదలయ్యే నలుబది దినాలు చిల్లై కలాన్, అనగా పెద్ద చలి. ఆ వెనుక ఇరువది దినాలు చిల్లై ఖుర్ద్, చిన్న చలి. చివరి పది దినాలు చిల్లై బచ్చా, పసి చలి. పేర్లలో ముచ్చట ఉన్నది గాని, లెక్క మాత్రం వేడుకకు పుట్టినది కాదు. పెద్ద చలిలో పడిన మంచు గడ్డకట్టి, పొరమీద పొరగా గట్టిపడి, వేసవి దాకా కొండ మీద నిలుస్తుంది. జీలం నదికీ, వాగులకూ, వరిమళ్లకు నీరు తెచ్చే కాలువలకూ అదే నిలువ. పసి చలిలో పడిన మంచు, చూడడానికి ఎంత దట్టంగా ఉన్నా, ఎండ తగలగానే కరిగి దొర్లిపోతుంది. కనుక అక్కడి ముసలి రైతు ఎన్ని అడుగులు పడినదని అడుగక ముందే ఏ చిల్లైలో పడినదని అడుగుతాడు. ఈ ప్రశ్నను శ్రోతలు జ్ఞాపకం ఉంచుకొనవలెనని కోరుతున్నాము. కథంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఈ మంచు ఎక్కడిది? నైరుతి ఋతుపవనాలతో దీనికి పొత్తు లేదు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టిన అల్పపీడనాలు ఇరాన్, ఆఫ్ఘనిస్తానాల మీదుగా తూర్పుకు నడచివచ్చి, పీర్ పంజాల్ శ్రేణికి తగిలి తమ తేమను అక్కడ దించుకొంటాయి. మేము ఆకాశవాణిలో చదివే వాతావరణ సూచనలలో 'పశ్చిమ అలజడి' అని వినబడేది ఇదే.

కాశ్మీరదేశంలో మంచును గమనించే అలవాటు ఎంత పాతదో చెప్పడానికి నీలమత పురాణం ఉన్నది. పన్నెండవ శతాబ్దపు కల్హణునికే అది పూర్వగ్రంథం. ఆ దేశం శీతకాలం ఆరు నెలలూ పిశాచాలదనీ, మనుష్యులు మిగిలిన ఆరు నెలలే అక్కడ కాపురం చేసేవారనీ అందులో ఒక గాథ ఉన్నది. మంచుకు జడిసి లోయను విడిచి దిగిన జనుల జ్ఞాపకమే అట్లా గాథగా మారినదేమోనని మాకు తోస్తుంది. అదే పురాణం తొలి మంచు పడిన నాడు ఉత్సవం చేయవలెనని విధిస్తుంది: హిమవంతునికీ నీలనాగునికీ పూజ, బంధుమిత్రులతో విందు, కొత్త మద్యం, మంచు మీదనే కూర్చుండి వినోదం. ఇటీవలి కాలం దాకా నిలిచిన ఒక ఆట దీనికి దూరపు చుట్టమువలె కనబడుతుంది. తొలి మంచును చిటికెడు ఏదో ఒక వస్తువులో దాచి స్నేహితుని చేతికి అందిస్తారు. అతడు కనిపెట్టలేక పుచ్చుకొన్నాడా, విందు ఖర్చు అతనిది.

అయితే మంచు వేళ తప్పితే వేడుక లేదు. రాజతరంగిణిలో తుంజీనుడనే రాజు కాలాన శాలిధాన్యం పండుతూ ఉండగా భాద్రపదంలోనే మంచు కురిసినదని కల్హణుడు వ్రాసినాడు. పంట పోయి ఘోరమైన క్షామం వచ్చినది. రాణి వాక్పుష్ట మహిమ చేత ఇంటింటా దినదినమూ ప్రాణం లేని పావురాలు ఆకాశం నుంచి రాలి జనుల ఆకలి తీర్చినవట. పావురాలను నమ్మకపోవచ్చును, భాద్రపదపు మంచును నమ్మడానికి మాత్రం అభ్యంతరం కనబడదు. 2018, 2019 సంవత్సరాలలో నవంబరు మొదటి వారంలోనే పడిన మంచు బరువుకు అదే లోయలో ఆకులు రాలని ఆపిలు చెట్లు కొమ్మలు విరిగి కూలినవి.

ఇక రెండవ కథ. 1876లో దక్షిణాదిన వానలు తప్పినవి. రాయలసీమ పెద్దలు 'ధాత కరువు' అని చెప్పుకొన్న కరువు అదే. ధాత నామ సంవత్సరంలో మొదలైనది గనుక ఆ పేరు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో ఊళ్లు ఖాళీ అయినవి. మరుసటి యేడు, 1877లో, ఉత్తరాదిన కూడా వానలు ఎండగట్టినవి. ఇంత అనావృష్టి నడుమ కాశ్మీరంలో ఆ శరత్తున ఎడతెగని వాన కురిసి కోతకు వచ్చిన వరిని కుళ్లబెట్టి, మరొక క్షామానికి దారితీసినది. ఒకచోట వాన లేక, ఒకచోట వేళగాని వాన వలన జనులు చనిపోయినారు.

ఆ కరువుకు ముందు యేడే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడి ఉన్నది. దాని తొలి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ముందుగా చెప్పగలిగిన సూచన ఏదైనా ఉన్నదా అని ప్రభుత్వం ఆయనను అడిగినది. ఆయన దృష్టి హిమాలయం మీద పడినది. వసంతంలో ఆలస్యంగా, విస్తారంగా మంచు పడిన యేట ఎండవేడి ఆ మంచును కరిగించడానికే ఖర్చవుతుందనీ, వాయవ్యం నుంచి పొడిగాలులు మైదానాల మీదికి దిగి ఋతుపవనాలను వెనుకకు పట్టుతాయనీ ఊహించి, 1884లో లండనులోని రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించినాడు. ఆలస్యంగా అన్న మాట గమనించదగినది. కొండరైతు అడిగిన 'ఎప్పుడు' అనే ప్రశ్ననే ఈ దొర మరొక దారిన వచ్చి అడిగినాడు! ఎత్తైన శ్రేణులలో యంత్రాలు బహు కొద్ది. కొండజిల్లాల ఉద్యోగులు పంపే నివేదికలే ఆధారం. ఆ ఉద్యోగులు మాత్రం కనుమల వెంట నడచే స్థానికులను అడుగకుండా వ్రాసి ఉంటారని మేము అనుకొనము. 1885లో ఆ శాఖలో చేరి బ్లాన్‌ఫర్డ్ వద్ద పని నేర్చిన రుచిరామ్ సాహ్ని అనే పంజాబీ యువకుని పేరు కూడా ఇక్కడ చెప్పవలెను. వృక్షశాస్త్రజ్ఞుడు బీర్బల్ సాహ్ని ఆయన కుమారుడే.

1886 జూన్ 4న ఋతుపవనాలను గురించి మొదటి అధికారిక దీర్ఘకాల సూచన వెలువడినది. మంచే దానికి ముఖ్యమైన ఆధారం. బ్లాన్‌ఫర్డ్ తరువాత వచ్చిన జాన్ ఇలియట్ దానికి హిందూ మహాసముద్రాన్నీ, ఆస్ట్రేలియానూ చేర్చి చాల వివరంగా జోస్యం చెప్పసాగినాడు. 1899లో మంచి వానలని చెప్పినాడు. వచ్చినది మహా క్షామం. విమర్శలు పెరిగి, 1902 నుంచి కొన్నేళ్లు సూచనలను పత్రికలకు ఇవ్వకుండా రహస్యంగా ఉంచినారు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితశాస్త్రజ్ఞుడు. ఊహలను ప్రక్కకు నెట్టి అంకెలను పట్టుకొన్నాడు. ఆయన తొలి సూత్రంలో మే నెలాఖరుకు హిమాలయం మీద నిలిచిన మంచు ఒక అంశం. ఆయన కాలంలోనే, 1905లో, శాఖ ప్రధాన కార్యాలయం కలకత్తా నుంచి సిమ్లాకు చేరినది. 1928లో పూనాకు తరలే దాకా దేశపు వాన లెక్క మంచు పడే ఊరిలోనే జరిగినది. తరువాతి దశాబ్దాలలో పాత సంబంధం అంకెలకు నిలువక మంచు సూత్రం నుంచి తప్పుకొన్నది.

కథ అక్కడ ముగియలేదు. ఉపగ్రహాలు వచ్చి, కొండ ఎక్కకుండానే మంచు వైశాల్యాన్ని కొలవడం సాధ్యమైన తరువాత, 1976లో హాన్, శుక్లా అనే ఇద్దరు పరిశోధకులు యూరేషియా మీద శీతకాలపు మంచు హెచ్చిన యేట మన వర్షం తగ్గే తీరు ఉన్నదని చూపినారు. బ్లాన్‌ఫర్డ్ ఊహకు తొంబదేండ్ల తరువాత మళ్లీ ప్రాణం వచ్చినది. ఆ సంబంధం కూడా అన్ని కాలాలలో ఒకే బలంతో నిలువలేదని వెనుక వచ్చినవారు కనుగొన్నారు.

2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచు లేక గోధుమరంగున కనబడినవి. చిల్లై కలాన్ దాదాపు పొడిగానే గడచి, మంచు జనవరి చివరలోనూ, ఫిబ్రవరిలోనూ వచ్చినది. పర్యాటకులు సంతోషించినారు. కొండరైతు లెక్కలో దానిలో అధికభాగం చిన్న చలి మంచు. వేసవి దాకా నిలిచేది కాదు. ఆ యేడు నైరుతి వర్షం దేశం మొత్తం మీద సగటులో 108 శాతం కురిసినది. బ్లాన్‌ఫర్డ్ ఉంటే తన పుస్తకంలో ఆ అంకెను తప్పక వ్రాసుకొని ఉండేవాడు. ఆ వేసవిలోనే పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నీనో తొలగిపోయినదని వాకర్ ప్రక్కనే నిలిచి ఆయనకు జ్ఞాపకం చేసి ఉండేవాడు.